వదిన ఇచ్చిన తాళాలు

ఫిజిక్స్ మేడమ్‌కి ఎడమ చెవి వినబడదు. బొత్తిగా వినబడదని కాదు. మాటలు నీళ్ల అడుగునుంచి వచ్చినట్టు వస్తాయి, ఒక్కటీ అర్థం కాదు. దేశంకాని దేశం వచ్చి ఈ స్కూల్లో చేరిన కొత్తల్లో జలుబుగా మొదలై, చెవిపోటుగా మారి, కొన్నేళ్లకి అలా స్థిరపడిపోయింది. ఆ సంగతి ఆవిడ ఎవరికీ తెలియనివ్వలేదు. క్లాసులో పిల్లలంతా తన కుడిచేతివైపు ఉండేలా కిటికీ వారగా నిలబడేది. స్టాఫ్ రూమ్‌లో ఎడమవైపు గోడ ఉండే కుర్చీ తప్ప ఇంకోటి ముట్టుకునేది కాదు. ఎవరితోనైనా నడవాల్సొస్తే చెప్పు సర్దుకునే వంకతో ఒక్క క్షణం ఆగి, వాళ్లను కుడిపక్కకి తెచ్చుకునేది. చూసినవాళ్లు చాదస్తం అనుకునేవారు. అనుకుంటే అనుకోనీ అని ఊరుకుంది.

తెలిసిందల్లా వదినకి ఒక్కదానికే.

వదిన అంటే సొంత వదిన కాదు. ఉద్యోగాలకని మన దేశంనుంచి వచ్చిన కుటుంబాల పిల్లల కోసం పెట్టిన స్కూలది. టీచర్లలోనూ ఎక్కువమంది మన దేశంవాళ్లే. స్కూలు వెనకాల క్వార్టర్స్‌లో మన భాషవాళ్లవి నాలుగైదు ఇళ్లున్నాయి. బయాలజీ మాస్టారిని మేడమ్ ‘అన్నయ్యా’ అని పిలిచేది. ఆయన భార్య చిన్న తరగతుల టీచరు. అలా ఆవిడ వదిన అయింది. మేడమ్‌కే కాదు, చుట్టుపక్కల అందరికీ ఆవిడ వదినే. ఎవరింట్లో ఎవరికి ఒళ్లు వెచ్చబడినా ముందుగా తలుపు తట్టేది ఆవిడ. నుదురు పట్టుకు చూసేది, మాత్ర వేసేది, దుప్పటి కప్పేది. తర్వాత మంచం పక్కన కుర్చీ లాక్కుని, “ఇంకా?” అనేది. ఆ ఒక్క మాటకి ఎంత గుంభనంగా ఉండేవాళ్లయినా నోరు విప్పేసేవారు.

మేడమ్ కూడా అలాగే విప్పింది. ఆసుపత్రిలో చెవి పరీక్ష చేసిన డాక్టరు, ఎడమది ఇక తిరిగి రాదు, కుడిదాన్ని కాపాడుకోండి అన్న రోజు సాయంత్రం వదిన వంటింట్లో కూర్చుని ఏడ్చింది. వదిన ఆమె తల తన భుజానికి ఆనించుకుంది. ఈ మాట తన కడుపులోనే ఉంటుందని, అన్నయ్య చెవిన కూడా వెయ్యనని చెప్పింది.

ఆ తర్వాతి సంవత్సరం సైన్స్ విభాగానికి పెద్దగా ఉన్నాయన ఉద్యోగం మాని వెళ్లిపోయారు. ఆ కుర్చీ మేడమ్‌దేనని అందరికీ తెలుసు. సర్వీసులో పెద్దది, ప్రయోగశాల మొత్తం తన చేతుల మీద అమర్చింది, ఆవిడ దగ్గర చదివిన పిల్లలు ఏటా స్కూలు పేరు నిలబెడుతున్నారు. ఆ కుర్చీతోపాటు కొత్త బ్లాకులో ఒక ఫ్లాటు కూడా ఇస్తారు. మేడమ్ ఉండే పాత బ్లాకులో భవనం మొత్తానికీ ఒకటే బాయిలర్. దాన్నుంచి గొట్టాల్లో వేడినీళ్లు గది గదికీ పారాలి. పారినరోజు పారతాయి, లేనిరోజు స్వెట్టర్ మీద స్వెట్టర్ వేసుకోవాలి. కొత్త బ్లాకులో అలా కాదు, ఏ ఇంటి హీటరు ఆ ఇంటిదే.

ఒకరోజు భోజనాల బెల్లయ్యాక మేడమ్ వరండాలో నడిచి వస్తూ ప్రిన్సిపాల్ గది అద్దాల తలుపులోంచి లోపలికి చూసింది. వదిన కూర్చుని ఏదో చెబుతోంది. ముఖం నిండా జాలి. చెబుతూ చెబుతూ, చూపుడువేలితో తన ఎడమ చెవిని తాకి, తల అడ్డంగా ఊపింది. ప్రిన్సిపాల్ కళ్లజోడు తీసి బల్లమీద పెట్టాడు.

మేడమ్‌కి మాట వినబడక్కర్లేకపోయింది.

వారం తిరక్కుండా ప్రిన్సిపాల్ పిలిచి చాలా మర్యాదగా మాట్లాడాడు. ప్రయోగశాల భద్రత, బాధ్యత, ముందు ఆరోగ్యం అన్నాడు. కుర్చీ అన్నయ్యకి ఇచ్చారు. ఫ్లాటు కూడా.

అంతటితో పోయినా ఆవిడ పళ్లబిగువున ఓర్చుకునేదేమో. కానీ మాట పెద్దల దగ్గర ఆగలేదు, పిల్లలదాకా పాకింది. ఒకరోజు పై తరగతిలో వెనక బెంచీ కుర్రాడొకడు చెయ్యెత్తి సందేహం అడిగాడు. పెదవులు కదులుతున్నాయి, శబ్దం లేదు. మేడమ్ ఒకడుగు ముందుకేసి మళ్లీ చెప్పమంది. వాడు మళ్లీ పెదవులు కదిపాడు. పక్కవాడూ కదిపాడు. తరగతి తరగతంతా పెదవులు కదుపుతోంది, ఒక్క చప్పుడూ లేదు. కుడి చెవి కూడా పోయిందనుకుంది మేడమ్. బల్ల అంచు పట్టుకుంది. అప్పుడు ఎవరో కిసుక్కుమన్నారు, ఆ నవ్వు ఆవిడకి స్పష్టంగా వినబడింది. చెవి ఉన్నందుకు సంతోషించాలో, విన్నదానికి చచ్చిపోవాలో తెలియలేదు.

ఆ సాయంత్రం నుంచి ఆవిడకి తిండి తినడం, నిద్రపోవడం, పాఠం చెప్పడంలాగే పగ కూడా రోజూ చేసే పని అయిపోయింది. పైకి మాత్రం పొక్కనివ్వలేదు. వదిన కనబడితే మునుపటికన్నా పెద్దగా నవ్వేది. వదిన కట్టుకున్న చీర బాగుందనేది. కొత్త ఫ్లాటులో సామాన్లు సర్దడానికి తనే వెళ్లి సాయం చేసింది. అద్దాల బీరువాలో బంగారు అంచు కప్పులు ఒక్కొక్కటీ తుడిచి పెడుతూ, ప్రతి కప్పుకీ లోపల్లోపల ఒక శాపం పెట్టింది.

ఆదివారాలు సొంత ఊళ్లోంచి అక్క ఫోన్ చేసేది. ఈ సంగతంతా చెప్పుకునేది అక్కతోనే. పరాయిచోట మనవాళ్లతో గొడవెందుకే, వదిలెయ్యమంది అక్క.

“మనవాళ్లు కాబట్టే అక్కా,” అంది మేడమ్. “పరాయివాళ్లయితే ఈపాటికి వదిలేసేదాన్ని.”

చలికాలం సెలవులు వచ్చాయి. స్కూలు బస్సులు షెడ్డులోకి వెళ్లిపోయాయి, మైదానం మీద మంచు పరుచుకుంది. కొందరు సొంత ఊళ్లకి విమానాలెక్కారు. అన్నయ్యా వదినా రైల్లో మంచుకొండల దగ్గర ఏదో విహారస్థలానికి బయల్దేరారు. వెళ్లేముందు వదిన తన ఫ్లాటు తాళాలు తెచ్చి మేడమ్ చేతిలో పెట్టింది. మొక్కలకి నీళ్లు పొయ్యాలి, పైపులు గడ్డకట్టకుండా కొళాయి సన్నగా వదలాలి, హీటరు ఆర్పకుండా తగ్గించి ఉంచాలి. “నువ్వు కాబట్టి నమ్మి ఇస్తున్నా అమ్మాయ్,” అంది. మేడమ్ తాళాలు తీసుకుని, ఇంటి సంగతి మర్చిపోయి హాయిగా తిరిగి రండి వదినా అంది.

మొదటిరోజు వెళ్లి నీళ్లు పోసి వచ్చేసింది. రెండోరోజు నీళ్లు పోసి కూర్చుంది. తనకి రావలసిన హాలు, తనకి రావలసిన కిటికీ, కిటికీలోంచి తను చూడవలసిన పైన్ చెట్ల వరస. సోఫాకి కొన్నప్పటి ప్లాస్టిక్ తొడుగు ఇంకా అలాగే ఉంది. కూర్చుంటే కరకరమంది. ఆ శబ్దానికి ఆవిడకి ఎక్కడలేని కసి పుట్టింది. ఏం చేస్తే వదిన ఏడుస్తుందా అని గది గదీ తిరిగింది. మొక్కల మొదట్లో ఉప్పునీళ్లు పోస్తే? చీరల బీరువాలో సిరా ఒలికిస్తే? చివరికి స్నానాలగది కిటికీ గడియ మీద చెయ్యి వేసింది. ఇది తీసిపెట్టి, హీటరు ఆర్పేసి వెళ్లిపోతే చాలు. పొద్దున్నకి గొట్టాలు పగిలి, ఇల్లు చెరువైపోతుంది. గాలి తోసేసిందనుకుంటారు.

గడియ సగం తిప్పింది కూడా. కింది వాటాలో వ్యాయామం మాస్టారి కుటుంబం ఉంటుందని అప్పుడు గుర్తొచ్చింది. వాళ్లావిడ నిండు గర్భిణి. తడవాల్సింది వదిన ఇల్లు, వాళ్లది కాదు. నీళ్లకి ఆ తేడా తెలీదు. విసుక్కుంటూ గడియ బిగించి వచ్చేసింది.

ఆ మర్నాడే పాత బ్లాకులో బాయిలర్ చెడిపోయింది. బాగుచేసేవాళ్లంతా సెలవుల్లో ఉన్నారు, స్కూలు ఆఫీసులో ఫోనెత్తే దిక్కు లేదు. మధ్యాహ్నానికల్లా కిటికీ అద్దాలకి లోపలివైపు కూడా మంచు పట్టింది. మేడమ్ పక్కవాటాలో డ్రాయింగ్ టీచరు ఉంటుంది. భర్త ఓడల్లో పనిచేస్తాడు, ఏడాదికోసారి వస్తాడు. చిన్న కూతురు, దానికి దగ్గు. కూతుర్ని రెండు దుప్పట్లలో చుట్టుకుని వచ్చి, మీ గదిలో ఏమైనా వేడిగా ఉందా మేడమ్ అని అడిగింది.

మేడమ్ ఆ పిల్ల ముక్కు చూసింది. ఎర్రగా, తడిగా ఉంది. జాలి వేసింది, నిజమే. కానీ జాలి వెనకాలే ఇంకోటి కూడా తలెత్తింది. అది జాలికన్నా బలంగా ఉంది.

“పద,” అంది. “మనకి వెచ్చటి ఇల్లుంది.”

అలా వదిన ఇంట్లో హీటరు పూర్తిగా పెంచారు. సాయంత్రానికి లెక్కల మాస్టారిని కూడా మేడమే వెళ్లి పిల్చుకొచ్చింది. రిటైర్మెంటుకి దగ్గరపడ్డ ఒంటరి మనిషాయన. గదిలో టోపీ, మఫ్లరు, చేతి తొడుగులు అన్నీ వేసుకుని, పుస్తకం పేజీ తిప్పలేక కూర్చుని ఉన్నాడు. వాళ్లు లేని ఇంట్లోకి ఎలాగమ్మా అని సందేహించాడు. తాళాలు ఇచ్చింది ఆవిడే కదా, మనుషులు చలికి చస్తుంటే చూస్తూ కూర్చోమంటుందా అంది మేడమ్. వదిన మంచితనం మీదే వదిన ఇంటిని తెరిచింది. ఎవరూ తప్పు పట్టలేకపోయారు.

సోఫా మీది ప్లాస్టిక్ తొడుగుని మేడమ్ కత్తెరతో కోసి తీసేసింది. అద్దాల బీరువాలోంచి బంగారు అంచు కప్పులు దించింది. అన్నం, పప్పు, కాఫీ అన్నీ ఆ వంటింట్లోనే. పిల్ల వెళ్లి నేరుగా వదిన పరుపు మీద ఎగిరింది, ఎవరూ వద్దనలేదు.

కానీ హాలులో ఒక చిక్కుంది. డ్రాయింగ్ టీచరూ లెక్కల మాస్టారూ చెరొక మూల చూస్తూ కూర్చున్నారు. ఇద్దరికీ చాన్నాళ్లుగా మాటల్లేవు. కారణం ఆ ఇద్దరికీ సగం సగమే తెలుసు, మేడమ్‌కి మాత్రం మొత్తం తెలుసు. లెక్కల మాస్టారి కోటు నొప్పుల మందు కంపుకొడుతుందని, ఆయన పక్కన కూర్చుంటే వాంతి వస్తుందని డ్రాయింగ్ టీచరు అందని వదిన మాస్టారికి చెప్పింది. ఓడా లేదు గీడా లేదు, మొగుడు వదిలేస్తే ఇక్కడికొచ్చి తేలిందని మాస్టారు అన్నాడని వదిన డ్రాయింగ్ టీచరుకి చెప్పింది. రెండూ వదిన పెట్టిన పుల్లలే. ఆ రెండూ వదిన మేడమ్‌తో చెప్పుకుని నవ్వింది. అప్పట్లో మేడమ్ కూడా నవ్వింది.

ఇప్పుడు ఆవిడ తొందరపడలేదు. ముందు తన సంగతే చెప్పింది. చెవి గురించి, అద్దాల తలుపు గురించి, పెదవులు కదిపిన పిల్లల గురించి. గొంతు తడబడకుండా, ఎవరో పక్కింటివాళ్ల సంగతి చెప్పినట్టు చెప్పింది. మాస్టారు కాఫీ తాగడం ఆపేశాడు. డ్రాయింగ్ టీచరు, వదినేనా అని మెల్లగా అడిగింది. ఆ రోజుకి అక్కడితో ఆపింది మేడమ్. వాళ్లని బాగా నాననిచ్చింది.

మర్నాడు డ్రాయింగ్ టీచరు వంటింట్లో గిన్నెలు కడుగుతుంటే, మీ ఆయన ఓడ ఇప్పుడెక్కడుంది, మాస్టారు మొన్న అడుగుతున్నారు పాపం అంది. ఆమె గిరుక్కున తిరిగి, ఆయనకెందుకు, ఓడే లేదన్నారుగా అంది. హాలులోంచి మాస్టారు విన్నాడు. లేచి వంటింటి గుమ్మందాకా వచ్చాడు.

“నేనెప్పుడన్నానమ్మా ఆ మాట?” అన్నాడు. “నాకు కూతురుంటే నీ వయసుంటుంది. అలా ఎలా అంటాను?”

ఇంకక్కడ మేడమ్ చేయాల్సింది ఏమీ లేకపోయింది. కోటు సంగతి బయటికొచ్చింది. డ్రాయింగ్ టీచరు తడిచేతులతోనే ముఖం కప్పుకుంది. మాస్టారు ఆ కోటు వేసుకోవడమే మానేశానని, రెండు చలికాలాలు పల్చటి జాకెట్టుతో గడిపానని చెప్పాడు. మేడమ్ గుమ్మానికి ఆనుకుని నిలబడి, ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది. ఒంట్లో ఏదో వెచ్చగా పాకింది. అది హీటరుది కాదు.

అప్పట్నుంచి రోజుకో పొట్లం విప్పింది. సెలవులకి ఇక్కడే ఉండిపోయిన ఇంకో రెండిళ్లవాళ్లు కూడా కబుర్లకి రావడం మొదలుపెట్టారు. ఎవరి గురించి ఎవరితో వదిన ఏమందో మేడమ్ ఒక్కటీ మర్చిపోలేదు. ఎవరైనా కాసేపు మౌనంగా ఉంటే, వాళ్లవైపు వంగి, “ఇంకా?” అనేది. ఆ మాట నోట్లోంచి వచ్చిన మొదటిసారి ఆవిడే ఉలిక్కిపడింది. రెండోసారి పడలేదు.

మంచు తుఫానుకి విహారస్థలం దారులు మూసేశారు. అందువల్ల అన్నయ్యా వదినా అనుకున్నదానికన్నా ముందే, ఒక మధ్యాహ్నంపూట తిరిగొచ్చారు. వదిన తలుపు తోసి గుమ్మంలో నిలబడిపోయింది. ఎదురుగా అన్నయ్య పడక్కుర్చీలో లెక్కల మాస్టారు, ఒళ్లో పిల్ల. పిల్ల చేతిలో బంగారు అంచు కప్పు, అందులో రంగు నీళ్లు, కుంచె. సోఫా నిండా మనుషులు. ఎవరూ లేవలేదు. వదినని చూసి నవ్వనూ లేదు.

“ఇదేంటి అమ్మాయ్?” అంది వదిన. “మొక్కలకి నీళ్లు పొయ్యమని కదా తాళాలిచ్చాను?”

“పోశాను వదినా. ఒక్కటీ వాడిపోలేదు, చూసుకోండి.”

వదిన ముఖంలో రంగులు మారాయి. గబగబా మేడమ్ దగ్గరికొచ్చి, చెయ్యి పట్టుకుని, గొంతు తగ్గించి ఏదో అంది. అలవాటుగానో కావాలనో, ఎడమవైపు చేరి అంది. మేడమ్ ఆ చెయ్యి మెల్లగా విడిపించుకుంది.

“ఇటుపక్కకొచ్చి చెప్పండి వదినా,” అంది, అందరికీ వినబడేలా. “అటు నాకు వినబడదని మీకు తెలుసుగా. ప్రిన్సిపాల్‌కి మీరే చూపించారుగా, చెవి ముట్టుకుని మరీ.”

హాలులో పిల్ల కుంచె కప్పు అంచుకి తగిలి చప్పుడైంది. వదిన ఒకరి తర్వాత ఒకరి ముఖం చూసింది. ఎవరి ముఖంలోనూ చోటు దొరకలేదు. నీ మంచికే చెప్పానని, ప్రయోగశాలలో ఏదైనా అయితే నీకే ప్రమాదమని భయపడ్డానని మొదలుపెట్టింది. మాస్టారు లేచి, మళ్లీ వేసుకోవడం మొదలుపెట్టిన ఆ కోటు గుండీలు పెట్టుకుంటూ, నా మంచికి కూడా చాలా చెప్పారమ్మా, ఇంక చాలు అన్నాడు. డ్రాయింగ్ టీచరు పిల్లని ఎత్తుకుని వదిన పక్కనుంచి వెళ్లిపోయింది.

మేడమ్ ఇంతవరకూ అన్నయ్యని ఏమీ అనలేదు. ఇదంతా ఆయనకి తెలియకుండా జరిగిందని, తెలిస్తే ఆ కుర్చీలో కూర్చునే మనిషి కాదని మనసులో ఆయన్ని పక్కకి పెట్టి ఉంచింది. ఆయన సూట్‌కేసు పట్టుకుని గుమ్మం బయటే నిలబడి ఉన్నాడు. బూట్ల మీది మంచు కరిగి కింద మడుగు కడుతోంది.

“నాకు తెలుసమ్మా,” అన్నాడు, ఎవరూ అడక్కుండానే. “అప్పుడే వద్దనాల్సింది.”

“తెలిసే కూర్చున్నారా అన్నయ్యా ఆ కుర్చీలో?”

మేడమ్ తాళాలు బల్లమీద పెట్టి, తన శాలువ తీసుకుని, చలిగా ఉన్న తన గదికి వెళ్లిపోయింది. ఆ రోజు వదిన మీదకన్నా ఆయన మీదే ఆవిడకి ఎక్కువ ఒళ్లు మండింది. వదిన స్వభావం అది, ఈయనకేమైంది?

బాయిలర్ బాగుపడింది, స్కూలు తెరిచారు. మేడమ్ సెలవుల ఆఖర్లో చెవికి మిషను కొనుక్కుంది. మొదటిరోజే జుట్టు వెనక్కి దువ్వి ముడేసుకుని, అది కనబడేలా పై తరగతిలోకి వెళ్లింది. నోటితో శబ్దం చేయడం ఎలాగో మర్చిపోయినవాళ్లు లేచి నిలబడండి, కంఠంలో ధ్వని ఎలా పుడుతుందో ఈ రోజు పాఠం అంది. వెనక బెంచీవాళ్ల మెడలు వంగిపోయాయి. మొదట పెదవులు కదిపిన కుర్రాణ్ని బోర్డు దగ్గరికి పిలిచి, గంట కొట్టేదాకా పాఠం వాడిచేతే గట్టిగా చదివించింది. గొంతు బొంగురుపోయినా కూర్చోనివ్వలేదు.

వదిన ఇంటికి ఆ తర్వాత ఎవరూ వెళ్లలేదు. ఎవరికైనా జ్వరమొస్తే తలుపు లోపల్నుంచి గడియ పెట్టుకునేవారు. వదిన మేడమ్ మీద ఫిర్యాదు చేద్దామంటే ప్రిన్సిపాల్ ముందు మొత్తం కథ చెప్పుకోవాలి. సాయంత్రాలు వదిన ఒక్కతే మైదానం చుట్టూ నడుస్తుండేది. మేడమ్ కిటికీలోంచి చూసేది. చూస్తూ కాఫీ తాగేది. ఆ కాఫీ రుచి వేరని అక్కకి చెప్పింది కూడా. అక్కకి ఆ మాట నచ్చలేదు. నువ్వు మారిపోతున్నావే అంది. ఆ ఆదివారం మేడమ్ ఫోను ఎప్పటికన్నా ముందే పెట్టేసింది.

పరీక్షలయ్యాక అన్నయ్య వేరే ఊళ్లో ఇంకో స్కూలు చూసుకున్నాడు. సామాన్లు లారీకెక్కుతున్న రోజున వదిన పాత బ్లాకు మెట్లెక్కి వచ్చి మేడమ్ తలుపు తట్టింది. మళ్లీ తట్టింది. మేడమ్ తలుపుకి ఇటువైపు కుర్చీలోనే ఉంది. చెవిలో మిషనుంది, ప్రతి దెబ్బా వినబడుతోంది. వదిన గాజులు తలుపుకి తగలడం కూడా వినబడింది. లేవలేదు. మెట్ల మీద అడుగులు దిగిపోయేదాకా పేపర్లు దిద్దుతూనే ఉంది. దిద్దిన పేపర్లన్నీ తర్వాత మళ్లీ మొదట్నుంచీ దిద్దుకోవాల్సొచ్చింది.

చెవికి మిషనుంది కనక ఈసారి కుర్చీ ఆవిడకి వచ్చింది. ఫ్లాటూ వచ్చింది. మొదటి నెల్లో అందరూ వచ్చిపోయారు. తర్వాత తగ్గారు. ఎవరైనా వచ్చినా వాతావరణం గురించి, పిల్లల మార్కుల గురించి మాట్లాడి లేచేవారు. తమ సొంత సంగతులు మాత్రం ఎవరూ ఆవిడ ముందు విప్పలేదు. ఎందుకో ఆవిడకి తెలుసు. మాస్టారు ఒక్కడు మాత్రం ఆదివారాలు ఆ దళసరి కోటు వేసుకుని వచ్చి, పేపరు చదువుకుని వెళ్లేవాడు.

మరుసటి చలికాలం సెలవులకి మేడమ్, డ్రాయింగ్ టీచరు, ఆమె కూతురు కలిసి మంచుకొండలకి బస్సులో బయల్దేరారు. అలా ఊరు చూడ్డానికని వెళ్లడం మేడమ్‌కి ఇన్నేళ్లలో అదే మొదలు. దారంతా తెల్లగా ఉంది. పిల్ల కిటికీ అద్దం మీద ఆవిరి పట్టేలా ఊది, వేలితో బొమ్మలు వేస్తోంది. కొంతదూరం పోయాక డ్రాయింగ్ టీచరు నసుగుతూ ఒక మాట చెప్పింది. వదిన అప్పుడప్పుడు ఫోన్ చేస్తుందట. పిల్లకి ఒంట్లో బాగాలేనప్పుడు పాపం రోజూ చేసిందట. మీకు చెప్పాలనుకుంటూనే చెప్పలేకపోయాను మేడమ్ అంది.

మేడమ్‌కి పాత మంట మళ్లీ రాజుకుంది. ఆరిపోయిందనుకుంది. ఎక్కడ ఆరింది!

“నా గురించి ఏమంది?”

“ఎలా ఉన్నారని అడిగింది. అంతే.”

“ఇంకా?”

“ఇంకేం లేదు మేడమ్. నిజంగా.”

మేడమ్ నమ్మలేదు. నమ్మాలని ఒక క్షణం అనిపించింది కానీ, నమ్మలేదు.

“మళ్లీ చేస్తే, నేను చాలా బాగున్నానని చెప్పు,” అంది. “మర్చిపోకుండా చెప్పు.”

డ్రాయింగ్ టీచరు తలూపింది. ఇంతలో పిల్ల, ఒంటికి వెళ్లాలి, అర్జెంటుగా దిగాలంటూ మొదలుపెట్టింది. డ్రైవరు గొణుక్కుంటూ బస్సు పక్కకి ఆపాడు. తల్లి లేవబోతుంటే మేడమ్ వద్దని, తనే పిల్ల చెయ్యి పట్టుకుని, మోకాలిలోతు మంచులోకి దిగింది.